తాలింపుకు ముందు తీసిన ముక్క

తాండూరు కందిపప్పు వంద గ్రాములు తీసుకుంటే అందులో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. తోలు తీసిన కోడిమాంసంలోనూ ఇంచుమించు అంతే. మనిషి ఒంటికి ఈ రెండింటిలో ఏదైనా పనికొస్తుంది. పప్పులో తక్కువగా ఉండే అమైనో ఆమ్లం జొన్నరొట్టెలో దొరుకుతుంది, జొన్నలో తక్కువైనది పప్పులో దొరుకుతుంది. అనంతగిరి గుట్టల చుట్టుపక్కల, వికారాబాద్ మొదలుకొని తాండూరు దాకా, ఈ కందీ జొన్నా తిని తరాలు బతికాయి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని రుచి తెలిసినవాళ్లకు అదేమీ వింతగా తోచలేదు. అయితే అదే పప్పును అన్నంలో కలిపి, నెయ్యి చుక్క వేసి, ఇంటి పిల్లికి రోజూ అదొక్కటే పెడితే కొన్ని నెలలకు దాని కంటిచూపు మందగించవచ్చు, గుండె కండరం సన్నబడి సాగిపోవచ్చు. పిల్లి ఇష్టంగానే తింటుంది, దాని కడుపూ నిండుతుంది. లోపల జరిగేది మాత్రం మనకు పైకి కనిపించదు.

"మా అమ్మమ్మ ఇంట్లో పిల్లి పెరుగన్నం తినే పదేళ్లు బతికింది కదా" అని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. ఆ పిల్లి పెరుగన్నంతో బతకలేదు. వడ్ల గాదె కింద, పప్పు మిల్లు గోదాములో, పెరట్లో దొరికిన ఎలుకలతో, తొండలతో, పిచ్చుకలతో బతికింది. పెరుగన్నం దానికి పైతిండి. ఇప్పుడు వికారాబాద్ కాలనీల్లో, హైదరాబాద్ అపార్టుమెంట్లలో గడప దాటకుండా పెరిగే పిల్లికి ఎలుక ఎక్కడిది? దాని తిండి మొత్తం మన చేతిలోనే ఉంది. అందుకే దానికి ప్రేమగా పెట్టే చిన్న తాయిలం గురించి కూడా ఇప్పుడు కాస్త ఆలోచించాల్సి వస్తోంది.

ఎలుకలో ఏముంది

ఊరి చివర స్వేచ్ఛగా వేటాడి బతికే పిల్లులు ఏం తింటాయో వివిధ దేశాల అధ్యయనాలను పోగుచేసి 2011లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. వాటికి అందే శక్తిలో 52 శాతం ప్రోటీన్ నుంచి, 46 శాతం కొవ్వు నుంచి వస్తోంది. పిండిపదార్థం వాటా 2 శాతమే. మన భోజనంలో సగానికి పైగా శక్తి అన్నం, రొట్టెల నుంచి వస్తుంది. ఒకే గచ్చు మీద, ఒకే కప్పు కింద ఉన్నా మన ఒళ్లూ దాని ఒళ్లూ వేర్వేరు తిళ్లకు అలవాటు పడ్డాయి.

అలవాటు అంటే నాలుక అలవాటు కాదు, కాలేయం అలవాటు. లక్షల ఏళ్లు మాంసమే తిన్న జంతువుకు మాంసంలో రెడీగా దొరికేవాటిని సొంతంగా తయారు చేసుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ తయారీ యంత్రాంగం క్రమంగా నీరసించిపోయింది. అలా మాంసంలో దొరికేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది టారిన్. 1827లో టీడెమాన్, గ్మెలిన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ఎద్దు పైత్యరసంలో దీన్ని కనుగొన్నారు. ఆ తర్వాత నూటయాభై ఏళ్ల దాకా ఇది ఇంత ప్రాణాధారమని ఎవరికీ తోచలేదు. మన ఒంట్లో ఇది కొంత తయారవుతుంది. పిల్లి ఒంట్లో దాన్ని తయారుచేసే ఎంజైములు మరీ మందకొడివి. దానికి తోడు కొవ్వు అరగడానికి కావలసిన పైత్య ఆమ్లాలను పిల్లి టారిన్‌తో మాత్రమే జతకట్టగలదు, మనలాగా గ్లైసిన్‌తో సరిపెట్టుకోలేదు. అంటే ఒకవైపు తయారీ తక్కువ, మరోవైపు రోజూ ఖర్చు.

1975లో హేస్, కేరీ, ష్మిట్ అనే అమెరికన్ పరిశోధకులు పాల ప్రోటీన్ ఆధారంగా చేసిన తిండి పెట్టిన పిల్లుల్లో కంటి రెటీనా క్షీణించడం చూశారు, కారణం టారిన్ లోపమేనని తేల్చారు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పాల్ పియాన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. గుండె సాగిపోయి చావుకు దగ్గరైన పిల్లుల రక్తంలో టారిన్ అడుగంటి ఉంది. టారిన్ ఇవ్వగానే చాలా పిల్లుల గుండెలు కోలుకున్నాయి. ఆ పిల్లులు తిన్నది వీధి ఎంగిళ్లు కావు, డబ్బు పెట్టి కొన్న కంపెనీ తిండి. ఆ తర్వాతే కంపెనీలు తమ పిల్లి తిండిలో టారిన్ పాళ్లు పెంచాయి. ఇవాళ డబ్బా మీద ఆ పేరు కనిపించడం వెనక ఇంత కథ ఉంది. పప్పుల్లో, ధాన్యాల్లో, కూరగాయల్లో టారిన్ దాదాపు శూన్యం. కందిపప్పు ఎంత మేలిరకమైనా పిల్లికి చాలకపోవడానికి అసలు కారణం ఇదే.

ఇంకొన్ని లోటులూ ఉన్నాయి. క్యారెట్, గుమ్మడి, మునగాకు తింటే మన ఒళ్లు వాటిలోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఏగా మార్చుకుంటుంది. పిల్లి ఒంటికి అది చేతకాదు, దానికి విటమిన్ ఏ జంతువుల నుంచే రావాలి. అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు, నియాసిన్ అనే విటమిన్, ఆఖరికి విటమిన్ డి సంగతి కూడా ఇంతే. ఎండలో ఎంతసేపు పడుకున్నా పిల్లి చర్మం తగినంత విటమిన్ డి తయారుచేయలేదు.

తీపి తెలియని నాలుక

అనంతగిరి కొండ మీద టీ కొట్ల దగ్గర, బస్టాండ్లలో, రైల్వే ప్లాట్‌ఫాంల మీద పిల్లికి బిస్కెట్ ముక్క విసరడం అందరికీ అలవాటు. పిల్లి దాన్ని తింటే తీపికి ఆశపడిందనుకుంటాం. కానీ పిల్లికి తీపి అనే రుచే తెలియదు. తీపిని గుర్తించే గ్రాహకం రెండు ప్రోటీన్లు కలిస్తే ఏర్పడుతుంది. వాటిలో ఒకదానికి సంబంధించిన జన్యువులో 247 జన్యు అక్షరాలు ఎప్పుడో ఎగిరిపోయాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉన్న మోనెల్ పరిశోధన సంస్థ 2005లో ఈ సంగతి బయటపెట్టింది. పెద్దపులిలో, వేగంగా పరిగెత్తే చీతాలో కూడా ఆ జన్యువు పనిచేయదని అదే పరిశోధన చెప్పింది. పిల్లి బిస్కెట్ తింటే అందులోని వెన్న, నూనె, ఉప్పు కోసమే తింటుంది. చక్కెర దాని ఒంట్లోకి రుచి లేకుండానే చేరుతుంది, లావు మాత్రం పెంచుతుంది.

మరి దానికి ఏది రుచి? 2023లో వచ్చిన పరిశోధన ఒకటి దీనికి చక్కని జవాబు ఇచ్చింది. మాంసం, చేప, ఎముకల చారులో ఉండే కమ్మదనాన్ని జపాన్ వాళ్లు ఉమామి అంటారు. దాన్ని గుర్తించే గ్రాహకం పిల్లి నాలుక మీద చక్కగా పనిచేస్తోంది. మన నాలుకకు ఆ రుచి ప్రధానంగా గ్లుటమేట్ వల్ల తెలుస్తుంది. పిల్లి విషయంలో మాంసంలోని ఇనోసిన్ మోనోఫాస్ఫేట్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం కలిసి ఆ పని చేస్తాయి. ఈ రెండూ దండిగా ఉన్న చేప ట్యూనా. పిల్లికీ చేపకూ ఉన్న అనుబంధానికి ఇన్నేళ్లకు ఒక రసాయన కారణం దొరికింది.

ఇది మన వంటింటికి నేరుగా పనికొచ్చే సంగతి. పిల్లికి తాయిలం చేయాలంటే తీపి అక్కర్లేదు, ఉప్పు అక్కర్లేదు, మసాలా అక్కర్లేదు. మాంసంలో ఉన్న రుచిని పోగొట్టకుండా ఉంచితే చాలు. ఇంకొక్క సంగతి: ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముక్కను వాసన చూసి వదిలేసిన పిల్లి, అదే ముక్కను గోరువెచ్చగా చేస్తే లొట్టలేసుకుంటూ తింటుంది. అప్పుడే పట్టిన ఎలుక ఒంటి వేడి ఎంతో, అంత వేడి దానికి నచ్చుతుంది. వేడికి వాసనలు పైకి లేస్తాయి, పిల్లి తిండిని ముందు ముక్కుతోనే తింటుంది.

ఉల్లిగడ్డ వేయకముందు

మన కూరలో రుచి అంతా ముక్క గిన్నెలో పడ్డాక మొదలవుతుంది. ఉల్లిగడ్డ ఎర్రగా వేగాలి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద పచ్చివాసన పోవాలి, కారం, ఉప్పు పడాలి. పిల్లికి కావలసిన ముక్క ఇవన్నీ పడకముందే పక్కకు రావాలి. ఈ అధ్యాయంలో ఒక్క మాట గుర్తుంచుకోమంటే నేను ఇదే చెబుతాను. కూర అయ్యాక, ముక్కను నీళ్లతో కడిగి పిల్లికి పెట్టేవాళ్లున్నారు. కారం కడిగితే పోతుంది. ఉల్లి, ఎల్లిగడ్డల సారం అప్పటికే ముక్క లోపలికి ఇంకి ఉంటుంది, అది కడిగితే పోదు.

ఉల్లికి ఇంతగా ఎందుకు భయపడాలి? ఉల్లిజాతి మొక్కల్లో గంధకం ఉన్న రసాయనాలుంటాయి. అవి ఎర్రరక్తకణంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సీకరణం చెందిస్తాయి. పిల్లి హిమోగ్లోబిన్ అణువు మీద ఇలాంటి దాడికి లొంగే గంధక స్థానాలు ఎనిమిది ఉంటాయి, మన హిమోగ్లోబిన్ మీద రెండే. దెబ్బతిన్న హిమోగ్లోబిన్ ముద్దగట్టి కణం అంచున చిన్న బుడిపెలా అంటుకుంటుంది. సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపించే ఈ బుడిపెలను హైంజ్ కణికలంటారు. అలాంటి కణాలు త్వరగా చితికిపోయి పిల్లికి రక్తం తగ్గిపోతుంది. పిల్లి బరువులో కిలోకు 5 గ్రాముల ఉల్లి పడినా రక్తంలో మార్పు కనిపిస్తుంది. అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, ఒక మామూలు ఉల్లిగడ్డలో పావు వంతు. ఎల్లిగడ్డ ఇంకా ఘాటు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. రోజూ కొంచెం కొంచెంగా పోగుపడినా నష్టమే. తిన్న వెంటనే ఏమీ కాదు, రెండు మూడు రోజులకు పిల్లి డీలా పడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులోకి తిరుగుతుంది. అప్పటికి తాను పెట్టిన కూరముక్క ఎవరికీ గుర్తుండదు.

ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా పెట్టకూడదు. చింతపండు సంగతి ఈమధ్యే తెలిసింది. ద్రాక్ష తిన్న కుక్కల మూత్రపిండాలు ఎందుకు దెబ్బతింటున్నాయో చాలాకాలం అంతుచిక్కలేదు. 2021లో అమెరికన్ పశువైద్యుల వేలు టార్టారిక్ ఆమ్లం వైపు చూపింది. ఆ ఆమ్లం చింతపండులో మరీ ఎక్కువ, చింతపండు తిన్న కుక్కల్లోనూ అలాంటి దెబ్బే కనిపించింది. పిల్లి కుక్క కాదు నిజమే. అయినా చేపల పులుసులో ముక్కను పిల్లికి పెట్టకపోవడానికి ఉల్లి ఒక్కటే చాలిన కారణం, చింతపండు రెండోది.

ఇక చేయడం. చికెన్ సెంటర్‌లో రొమ్ము ముక్క అడగొద్దు, తొడ ముక్క అడగండి. పరిశోధకుల కొలతల ప్రకారం కోడి తొడ మాంసంలో 100 గ్రాములకు 170 మిల్లీగ్రాముల దాకా టారిన్ ఉంది, రొమ్ము మాంసంలో 20 కూడా లేదు. రోజంతా నడిచే కాలి కండరం ముదురు రంగులో ఉంటుంది, టారిన్ అక్కడే పోగవుతుంది. అస్తమానం కొట్టుకునే గుండెలో కూడా ఎక్కువే. కోడి గుండెకాయలను చాలాచోట్ల కందనకాయలతో, కార్జంతో కలిపి చవకగానే అమ్ముతారు. పిల్లికి ఇంతకన్నా మంచి సరుకు లేదు.

ఎముక తీసిన తొడ ముక్కను, నాలుగైదు గుండెకాయలను చిన్న గిన్నెలో వేసి, ముక్క మునిగీ మునగనట్టు నీళ్లు పోసి మూతపెట్టండి. ఉప్పు, పసుపు ఏవీ వద్దు. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట తగ్గించి పావుగంట ఉంచితే చాలు. ముక్కను వేళ్లతో చీలిస్తే లోపల గులాబీ రంగు ఎక్కడా ఉండకూడదు, పోగులు పోగులుగా విడిపోవాలి. చల్లారాక ఆ పోగులను కందిగింజంత ముక్కలుగా తుంచండి. గిన్నెలో మిగిలిన నీళ్లు చూడండి, పసుపుపచ్చగా, పైన సన్నటి కొవ్వు చుక్కలతో ఉంటాయి. ఈ నీళ్లు పారబోయొద్దు. టారిన్ నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది, ఉడికేటప్పుడు ముక్కలోంచి చాలా భాగం ఈ నీళ్లలోకే దిగుతుంది. ఇందాక చెప్పిన కమ్మని రుచి కూడా అందులోనే ఉంది. తుంచిన ముక్కలను ఐస్ ట్రే గదుల్లో కొంచెం కొంచెంగా సర్ది, పైన ఈ నీళ్లు పోసి గడ్డకట్టిస్తే ఒక్కో గది ఒక్కో తాయిలం. ఒక గదిని గిన్నెలో వేసి గోరువెచ్చగా చేసి పెడితే పిల్లి మొదట ఆ నీళ్లు నాకుతుంది. పిల్లికి దాహం తక్కువ. పొడి గింజల తిండి తినే పిల్లి నీళ్లు సరిగా తాగక మూత్ర సమస్యలు తెచ్చుకుంటుంది. తాండూరు బండల గచ్చు కూడా కాలే ఎండాకాలంలో ఈ రెండు చెంచాల చారు దానికి మాంసంతో సమానమైన మేలు చేస్తుంది.

కార్జం గురించి ఒక హెచ్చరిక. పిల్లులకు కార్జం అంటే ప్రాణం, విటమిన్ ఏ దండిగా ఉంటుంది. అదే దాని చిక్కు. విటమిన్ ఏ ఒంట్లో పేరుకుపోతుంది. రోజూ కార్జమే తిని పెరిగిన పిల్లుల మెడ వెన్నుపూసలు ఎముక పెరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అవి తల దించి ఒళ్లు నాకి శుభ్రం చేసుకోలేవు. వారానికి ఒకసారి, వేలి కొసంత ముక్క పెడితే ఎక్కువ తక్కువలుండవు.

గుడ్డు కూడా మంచి తాయిలమే, ఉడికించి పెడితే. పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ విటమిన్‌ను పట్టేసుకుని ఒంటికి దక్కనివ్వదు. వేడి తగలగానే దాని పట్టు సడలుతుంది.

కోట్‌పల్లి చేప

అనంతగిరికి దగ్గర్లోనే కోట్‌పల్లి ప్రాజెక్టు ఉంది. ఇలాంటి జలాశయాల్లో, ఊరి చెరువుల్లో బొచ్చె, రవ్వ, బంగారుతీగ పెరుగుతాయి. 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదలడం మొదలుపెట్టాక ఈ చేపలు అంగడిలో బాగా దొరుకుతున్నాయి. చేపలు కోసేచోట పేగులు, తలలు పచ్చివే పిల్లులకు విసురుతారు. ఎప్పుడో ఒకసారి తింటే కొంపలు మునగవు. ఇంటి పిల్లికి రోజూ పచ్చిచేపే పెట్టడం మాత్రం ప్రమాదం.

దీని వెనక కథ అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైంది. 1932లో ఛాస్టెక్ అనే ఆయన తన నక్కల పెంపకం క్షేత్రంలో నక్కలకు పచ్చి చేపలు పెట్టాడు. అవి నడవలేక, తల తిప్పుకుంటూ, పక్షవాతం వచ్చి చచ్చిపోయాయి. బంగారుతీగతో సహా కార్ప్ కుటుంబపు చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది తిండిలోని థయామిన్‌ను, అంటే విటమిన్ బీ1ను ముక్కలు చేసేస్తుంది. మనుషుల్లో బీ1 లోపం వల్ల వచ్చే జబ్బు బెరిబెరి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే ఈ జబ్బు మీద పరిశోధన కోసం. 1918లో తమిళనాడు కూనూర్‌లో మెక్‌కారిసన్ అనే వైద్యుడు నడిపిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ చేరింది. మర పట్టిన తెల్లబియ్యం మనిషికి చేసిన హాని, పచ్చిచేప పిల్లికి చేస్తుంది. బీ1 లోపించిన పిల్లి మెడ వంగిపోయి గడ్డం రొమ్ముకు తగులుతుంది, కనుపాపలు పెద్దవైపోతాయి, నడక తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. సమయానికి బీ1 ఇంజెక్షన్ పడితే తేరుకుంటుంది. పెద్ద ఊరట ఏమిటంటే, థయామినేజ్ ఒక ప్రోటీన్. ఉడికితే చచ్చిపోతుంది.

చేప ఉడకబెట్టడానికి ఇడ్లీ పాత్ర కంటే మంచిది లేదు. ముక్క నీళ్లలో మునగదు కాబట్టి సారం పోదు. పది నిమిషాల ఆవిరి చాలు. ముక్క చల్లారాక వేళ్ల మధ్య నలుపుతూ ముళ్లు తీయాలి. బొచ్చె, రవ్వల కండలో ఇంగ్లీషు వై ఆకారపు సన్నటి ముళ్లుంటాయి, ఒక్కసారి చూస్తే దొరకవు, రెండోసారీ నలపాలి. కొర్రమేను అయితే ఈ బాధ చాలా తక్కువ, ధర మాత్రం ఎక్కువ. ఎండుచేపలు, ఎండురొయ్యలు పిల్లిని పిచ్చెక్కిస్తాయి కానీ వాటిలో ఉప్పు విపరీతం. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఉడికించి ఒక ముక్క పెడితే సరే. మూత్రపిండాల జబ్బున్న ముసలి పిల్లికి అదీ వద్దు.

పచ్చిమాంసమే పిల్లికి సహజం అని వాదించేవాళ్లు కాలిఫోర్నియా డాక్టర్ ఫ్రాన్సిస్ పాటెంజర్ ప్రయోగాలను చూపిస్తారు. 1932 నుంచి పదేళ్లు ఆయన పిల్లుల్లో కొన్నిటికి పచ్చిమాంసం, కొన్నిటికి ఉడికించిన మాంసం పెట్టి చూశాడు. ఉడికించినది తిన్న పిల్లులు తరం తరానికి క్షీణించాయి. ఆ రోజుల్లో పిల్లికి టారిన్ అవసరమన్న సంగతి ఎవరికీ తెలియదు. ఉడకడంలో టారిన్ తగ్గిపోయిన తిండినే తరాల తరబడి పెడితే అలా కావడం సహజమే అని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల అంచనా. మనం మాట్లాడుకునేది రోజు తిండిలో పదో వంతు తాయిలం గురించి, అదీ ఉడికిన నీళ్లతో సహా పెట్టే తాయిలం గురించి. అక్కడ ఈ భయానికి చోటు లేదు.

పచ్చిమాంసం మీద భయానికి మాత్రం ఈమధ్య గట్టి కారణాలే వచ్చాయి. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో హెచ్‌5ఎన్‌1 బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది. ఆ ఫిబ్రవరిలోనే గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో అదే జబ్బు వచ్చి చికెన్ కొట్లు మూతపడటం మనందరికీ గుర్తే. పిల్లులకు ఈ వైరస్ సోకితే బతకడం కష్టం. 74 డిగ్రీల వేడిలో వైరస్, సాల్మొనెల్లా రెండూ నశిస్తాయి. మరిగే నీళ్లలో పావుగంట ఉడికిన చిన్న ముక్క ఆ వేడిని ఎప్పుడో దాటేసి ఉంటుంది.

పచ్చిమాంసాన్ని ఎండలో పెట్టి వరుగులు చేసి పిల్లికి దాచిపెడదామనే ఆలోచన మన ప్రాంతంలో రావడం సహజం. తాండూరు ఎండలు అలాంటివి. అయితే ఏప్రిల్‌లో ఇక్కడ గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, సాల్మొనెల్లా హాయిగా పెరిగే వేడి సరిగ్గా ఆ చుట్టుపక్కలే. మాంసంలో తేమ పూర్తిగా ఆరేలోపు గంటల తరబడి అది పెరుగుతూనే ఉంటుంది. కరకరలాడే తాయిలం కావాలంటే ముందు ఉడికించండి. ఆ తర్వాత పోగులుగా చీల్చి, మందపాటి పెనం మీద అతి సన్నని మంటన కదుపుతూ, లేదా ఒవెన్‌లో 100 డిగ్రీల దగ్గర, పోగు వంచితే విరిగేదాకా ఆరబెట్టండి. గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఉడికించి ఆరబెట్టనిది రెండు మూడు రోజుల్లో అయిపోవాలి, ఐస్ ట్రేలోది నెల దాకా ఉంటుంది.

పాల గురించి

పిల్లికీ పాలకూ ముడిపెట్టని తెలుగువాళ్లు లేరు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలో ఉంది, పాలు చూస్తేనే పారిపోయే పిల్లి తెనాలి రామకృష్ణుడి కథలో ఉంది. తల్లిపాలు మానేశాక పిల్లి పేగుల్లో పాలచక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. చాలా పెద్ద పిల్లులకు పాలు పోస్తే విరేచనాలవుతాయి. కొన్నిటికి ఏమీ కాదు. పెరుగులో ఆ చక్కెర కొంత పులిసిపోయి తగ్గుతుంది కనుక ఒక చెంచా పెరుగు హాని చేయదు. తాయిలంగా మాంసం చేసే మేలు మాత్రం చేయదు.

ఎంత పెట్టాలి

మన నాటు పిల్లులు చాలావరకు మూడు నాలుగు కిలోల బరువుంటాయి. ఇంట్లో ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కిలోకేలరీలు సరిపోతాయి. అందులో పదో వంతుకు మించి తాయిలాలుండకూడదన్నది పశువైద్యులు పాటించే కొలత. అంటే 20 నుంచి 25 కిలోకేలరీలు. ఉడికిన కోడి తొడ మాంసం అయితే పన్నెండు గ్రాములు, బొటనవేలి కొసంత ముక్కలు రెండు. ఉడికిన గుడ్డయితే మూడో వంతు. మనకు ఇది చాలా తక్కువగా కనిపిస్తుంది. పిల్లి ఒంటితో పోల్చి చూస్తే తక్కువేమీ కాదు. ఆ రెండు ముక్కలను కూడా ఒక్కసారి గిన్నెలో పడేయకుండా కందిగింజంత తునకలుగా ఇంట్లో అక్కడక్కడ దాచిపెడితే పిల్లి వాసన పట్టుకుంటూ వెతికి తింటుంది. ఇంట్లో బందీగా ఉండే వేటజంతువుకు ఆ వెతుకులాట కూడా తిండే.

తాయిలం మిగతా తొమ్మిది వంతుల తిండికి ప్రత్యామ్నాయం కాదు. రోజువారీ తిండి పూర్తి పోషకాలున్నదై ఉండాలి, దాన్ని వంటింట్లో సొంతంగా తయారుచేయాలంటే కాల్షియం నుంచి టారిన్ దాకా అన్నీ కొలిచి కలపాలి, పశువైద్యుల సాయం లేకుండా ఆ పని పెట్టుకోకూడదు. తాయిలానికి మరిగి గింజల తిండి మానేసిన పిల్లిని ఆకలితో దారికి తెద్దామని పస్తు పెట్టొద్దు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావు పిల్లి అయితే, ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదికి వస్తుంది.

గడ్డీ, వేరూ

పిల్లులు గడ్డి కొరకడం చూసే ఉంటారు. అది జబ్బు చిహ్నం కాదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లులూ కొరుకుతాయి. బయటికి వెళ్లని పిల్లికి ఒక చిన్న కుండీలో గడ్డి పెంచి ఇవ్వడం చక్కని తాయిలం. ఇక్కడ మాత్రం మన ప్రాంతపు రైతులకు బాగా తెలిసిన సంగతి ఒకటి గుర్తుచేయాలి. ఇంట్లో జొన్నలుంటాయి కదా అని జొన్న మొలకలు వేయకండి. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది, నమిలినప్పుడు దాంట్లోంచి సైనైడ్ విడుదలవుతుంది. వానలు ముఖం చాటేసినప్పుడు లేత జొన్నచేలో పడ్డ పశువులు నాము సోకి గంటల్లో చచ్చిపోయేది ఇందువల్లే. గోధుమలు వేయండి. రాత్రి నానబెట్టిన గింజలను మట్టిలో చల్లి పలచగా కప్పితే వారం పది రోజుల్లో పిల్లి కొరకడానికి వీలైనంత పెరుగుతాయి.

ఆఖరిది తినేది కాదు. వానలు పడ్డాక గోడల పక్కన, పెరట్లో, చెత్తకుప్పల దగ్గర మోకాలెత్తు మొక్క ఒకటి లేస్తుంది. పొడవాటి కాడలకు కోలగా ఉండే ఆకులు, నిలువుగా లేచిన కంకి మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి పచ్చటి తొడుగులు. మనం కుప్పింటాకు అంటాం, కొన్నిచోట్ల మురిపిండాకు అంటారు. దీన్ని వేరుతో పెరికి పడేస్తే పిల్లి ఎక్కడినుంచో వచ్చి ఆ వేరు మీద మొహం రుద్దుతుంది, పొర్లుతుంది, చొంగ కారుస్తుంది. విదేశాల్లో పిల్లుల కోసం అమ్మే క్యాట్‌నిప్ మొక్కలో ఉండే రసాయనాల కుటుంబానికి చెందినవే ఈ వేరులోనూ ఉన్నాయని, హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి మొక్కలను పరీక్షించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు. వేరును కడిగి ఆరబెట్టి, పాత గుడ్డలో పెట్టి గట్టిగా కుట్టి ఇస్తే మంచి ఆటవస్తువు. మూటలా కుట్టడం ఎందుకంటే, ఈ మొక్కను తినడం వల్ల కొందరు మనుషుల్లో ఎర్రరక్తకణాలు చితికిపోయిన సందర్భాలున్నాయి. ఉల్లికే తట్టుకోలేని రక్తం పిల్లిది. వాసన చూడనివ్వండి, నమలనివ్వకండి. కుట్టు ఊడితే గుడ్డ మార్చి మళ్లీ కుట్టండి.